జపాన్ విందులో మొహమాటం వద్దు!

సహోద్యోగులతో కలిసి జపనీస్ రెస్టారెంటుకు వెళ్లే రోజులొచ్చాయి. పచ్చి చేప, సోయా సాస్, సాకే.. అన్నీ మనకు కొత్తే. నలుగురూ తింటున్నారని తినేస్తే కొందరికి ముప్పు తప్పదు. ముందే కాస్త తెలుసుకుని వెళితే విందూ బాగుంటుంది, ఒళ్లూ బాగుంటుంది.

మీది బుచ్చయ్యపేట మండలంలో ఒక ఊరనుకుందాం. నాన్న చెరకు రైతు. గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలిన ఇల్లు. మీరు చదువుకుని, చోడవరం, అనకాపల్లి మీదుగా అచ్యుతాపురం వచ్చి ఉద్యోగంలో చేరారు. అక్కడ జపాన్‌కు చెందిన యొకొహామా గ్రూపు టైర్ల కర్మాగారం 2022 ఆగస్టులో మొదలైంది. అటు తమిళనాడు సరిహద్దులోని శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు వాహనాలు తయారవుతున్నాయి. ఇలాంటి సంస్థల్లోనో, వీటితో లావాదేవీలున్న కంపెనీల్లోనో మన పిల్లలు వేలమంది పనిచేస్తున్నారు. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై ఐటీ ఆఫీసుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏదో ఒకరోజు మేనేజర్ గారు ‘ఈ శుక్రవారం టీమ్ అంతా జపనీస్ డిన్నర్‌కు వెళ్తున్నాం’ అంటారు. మీరూ సరే అంటారు.

మరి చిన్నప్పుడు పూడిమడక రొయ్యలు తెచ్చి వండిన రోజు మీకు ఒళ్లంతా దద్దుర్లు లేచి, పెదాలు వాచిన సంగతి? అది ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. అంతమందిలో చెప్పడానికి మీకు మొహమాటం. ‘పల్లెటూరివాడు, కొత్త తిండికి భయపడుతున్నాడు’ అనుకుంటారేమోనన్న బెరుకు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. మీకు రొయ్యలు పడకపోవచ్చు, పక్క సీటాయనకు మధుమేహం ఉండొచ్చు, ఎదురుగా కూర్చున్నావిడ గర్భిణి కావొచ్చు. కొత్త వంటకాల్లో ఏముందో రుచి చూసి కనిపెట్టడం కష్టం. అడిగితేనే తెలుస్తుంది.

ముందురోజే చెప్పండి

బల్ల దగ్గర కూర్చున్నాక చెప్పడం కష్టం. ముందురోజే, విందు ఏర్పాటు చేస్తున్నవారికి విడిగా చెబితే సగం ఇబ్బంది తీరిపోతుంది. ‘సార్, నాకు రొయ్యలు, పీతలు పడవు. హోటల్‌వాళ్లకు ముందే చెబుదామా?’ అంటే చాలు. పిలిచినవారు చిన్నబుచ్చుకోరు. నిజానికి వారికీ అది మేలే. విందు మధ్యలో ఒకరిని ఆసుపత్రికి మోసుకెళ్లాలని ఎవరూ కోరుకోరు కదా.

హోటల్‌లో కూర్చున్నాక వడ్డించే అబ్బాయికి మళ్లీ చెప్పాలి. ‘ఇందులో రొయ్య ఉందా?’ అని ఊరుకోవద్దు. ‘బాబూ, నాకు రొయ్య పడదు. సాస్‌లో గానీ, వేపిన నూనెలో గానీ రొయ్య తగిలిందేమో వంటగదిలో అడిగి చెప్పు’ అని విడమరచి అడగాలి. అతడు తెలియదంటే ఆ వంటకం వదిలేయడమే మంచిది.

పేర్ల వెనక ఏముంది?

మెనూ చేతికొస్తే సగం పేర్లు తెలియవు. ముఖ్యమైనవి చూద్దాం.

సుషీ: వెనిగర్, చక్కెర, ఉప్పు కలిపిన అన్నంతో చేస్తారు. అన్నం ముద్ద మీద చేప ముక్క పెడితే ‘నిగిరి’. సముద్రపు నాచు రేకులో చుట్టి కోస్తే ‘మాకి’. మనం రోల్ అంటున్నది దీన్నే. సుషీ అంటే పచ్చి చేపే అనుకుంటారు గానీ దోసకాయ, గుడ్డు, ఉడికించిన రొయ్యతో చేసేవీ ఉన్నాయి. చేపను అన్నంలో ఊరబెట్టి నిల్వ చేసే పాత పద్ధతి నుంచే సుషీ పుట్టింది.

సషిమి: అన్నం లేకుండా వడ్డించే పచ్చి చేప ముక్కలు.

టెంపురా: రొయ్యలు, కూరగాయలు పల్చని పిండిలో ముంచి వేపుతారు. మన బజ్జీలకు దూరపు చుట్టం. 16వ శతాబ్దంలో వచ్చిన పోర్చుగీసువారి నుంచి జపాన్‌కు అబ్బిన వంట ఇది.

మిసో సూప్: సోయా గింజలను పులియబెట్టిన ముద్దతో చేసే చారు.

రామెన్: పులుసులో వేసిన గోధుమ నూడుల్స్. పులుసు తరచూ పంది ఎముకలతో గానీ, కోడితో గానీ కాస్తారు.

గ్యోజా: పిండి పొరలో కూరిన కజ్జికాయ లాంటిది. లోపల ఎక్కువగా పంది మాంసం ఉంటుంది.

ఎడమామె: ఉడికించిన లేత సోయా కాయలు. తొక్క వదిలి గింజలు తినాలి.

శాకాహారులు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. జపాన్ వంటకు ప్రాణం ‘దాషి’ అనే పల్చని రసం. దీన్ని ఎక్కువగా కొంబు అనే సముద్రపు నాచుతో, ఎండబెట్టిన చేప తురుముతో కాస్తారు. కాబట్టి ‘వెజిటబుల్’ అని రాసి ఉన్న మిసో సూప్‌లోనూ, టెంపురాతో ఇచ్చే సాస్‌లోనూ చేప ఉండొచ్చు. చేప లేకుండా కొంబుతోనో, పుట్టగొడుగులతోనో చేసిన దాషి ఉందా అని అడగాలి.

ఆకుపచ్చటి ముద్దను చట్నీ అనుకుని చెంచాడు నోట్లో పెట్టుకునేవారు ప్రతి బల్ల దగ్గరా ఒకరుంటారు. అది వసాబి. ఆవ పెట్టిన కూర తిన్నప్పుడు ఘాటు ముక్కుకెక్కుతుంది చూశారా, ఇదీ అంతే. ఆ ఘాటుకు కారణమైన రసాయనం రెండింటిలోనూ ఒకటే. చాలాచోట్ల అసలు వసాబికి బదులు హార్స్‌రాడిష్ అనే దుంపకు ఆవాలు, రంగు కలిపి ఇస్తారు. ఆవాలు పడనివారు దీన్ని ముట్టకూడదు.

పచ్చి చేప ఎవరు తినొద్దు?

సముద్రపు చేపల్లో, స్క్విడ్‌లో ‘అనిసాకిస్’ అనే సన్నని పురుగు పిల్లలు ఉండొచ్చు. అవి ప్రాణంతో కడుపులోకి వెళితే కొన్ని గంటల్లోనే పొట్టలో భరించలేని నొప్పి, వికారం, వాంతులు మొదలవుతాయి. బాగా ఉడికిస్తే ఇవి చస్తాయి. పచ్చిగా తినే చేపనైతే గడ్డకట్టించాలి. అమెరికా ఆహార నియమాల ప్రకారం మైనస్ 20 డిగ్రీల సెల్సియస్‌లో 7 రోజులు ఉంచాలి. నిమ్మరసం, వెనిగర్, వసాబి వీటిని చంపలేవు. మద్యం తాగితే పోతాయన్నదీ అపోహే. గడ్డకట్టించడం వల్ల పురుగులు చస్తాయి గానీ బ్యాక్టీరియా అంతా చావదు. అందుకే చేప శుభ్రత, చల్లదనం రెండూ ముఖ్యం.

ఎంత మంచి హోటలైనా కొందరు పచ్చి చేప జోలికి వెళ్లకపోవడమే మేలు.

గర్భిణులు. పచ్చి చేపతో వచ్చే లిస్టీరియా వంటి ఇన్‌ఫెక్షన్లు కడుపులోని బిడ్డకు ప్రమాదం. ఉడికించినదైనా సరే.. కత్తి చేప (స్వోర్డ్‌ఫిష్), పెద్ద ట్యూనా రకాల్లో పాదరసం ఎక్కువ. వాటికి దూరంగా ఉండాలి.

అయిదేళ్లలోపు పిల్లలు, పెద్ద వయసువారు.

కాలేయ జబ్బులున్నవారు. ముఖ్యంగా పచ్చి ఆయిస్టర్లలో ఉండే ‘విబ్రియో వల్నిఫికస్’ అనే బ్యాక్టీరియా వీరికి ప్రాణాంతకం కావొచ్చు.

క్యాన్సర్‌కు కీమోథెరపీ తీసుకుంటున్నవారు, అవయవ మార్పిడి చేయించుకున్నవారు, స్టిరాయిడ్లు ఎక్కువ కాలం వాడుతున్నవారు.

వీరంతా విందు మానేయనక్కర్లేదు. కాల్చిన చేప, కోడి మాంసం ముక్కలు, కూరగాయల సుషీ, వేడి నూడుల్స్ హాయిగా తినొచ్చు.

ఇంకో హెచ్చరిక. హోటల్‌లో రుచి చూశాం కదా అని ఇంటికొచ్చి చెరువు చేపతోనో, శారదా నదిలో పట్టిన చేపతోనో ఇలాంటివి చేయొద్దు. మంచినీటి చేపల్లో కాలేయంలో చేరే పురుగుల వంటివి ఉండొచ్చు. ఇంటి ఫ్రిజ్‌లోని ఫ్రీజర్ మైనస్ 20 డిగ్రీలకు చేరుతుందన్న నమ్మకం లేదు. అందులో కరెంటు పోతుంటుంది కూడా. కొర్రమీను, బొచ్చె, రాగండి.. ఏదైనా మనం వండుకున్నట్టు పులుసు పెట్టుకోవడమే క్షేమం.

అలర్జీ అయితే ఆటలాడొద్దు

రొయ్యలు పడనివారికి చాలావరకు పీతలు, లాబ్‌స్టర్లు కూడా పడవు. రొయ్యల్లో అలర్జీకి కారణమైన ప్రొటీన్ వేడికి చెడదు. కాబట్టి ‘బాగా వేపాం కదా’ అన్న మాట పనికిరాదు. రొయ్యలు వేపిన నూనెలోనే వంకాయ ముక్కలు వేపితే ఆ వంకాయతోనూ ముప్పే.

మరికొన్ని కనిపించకుండా దాక్కుంటాయి. సోయా సాస్‌లో సోయాతో పాటు గోధుమ కూడా ఉంటుంది. గోధుమ పడని సీలియాక్ రోగులు దీన్ని తినకూడదు. రోల్‌లో పెట్టే ‘క్రాబ్ స్టిక్’ నిజానికి తెల్ల చేప ముద్ద. అందులో గుడ్డు, గోధుమ పిండి కలుస్తాయి, పీత రసం కూడా ఉండొచ్చు. నువ్వులు చాలా వంటకాల మీద చల్లుతారు. ‘సోబా’ నూడుల్స్‌లోని బక్‌వీట్ అనే గింజ పిండి కొందరికి తీవ్రమైన అలర్జీ తెస్తుంది.

తిన్న కొద్ది నిమిషాల్లో దద్దుర్లు, పెదాలు, నాలుక వాపు, గొంతు బిగుసుకున్నట్టు అనిపించడం, ఆయాసం, కళ్లు తిరగడం.. వీటిలో ఊపిరికి, స్పృహకు సంబంధించింది ఏది కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. మనిషిని పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో పెట్టాలి. ఊపిరాడకపోతే కూర్చోబెట్టొచ్చు. లేపి నడిపించకూడదు. ఇలాంటప్పుడు ప్రాణం నిలిపేది అడ్రినలిన్ ఇంజెక్షన్. అలర్జీ మాత్ర వేసుకుని ‘తగ్గుతుందిలే’ అని ఎదురుచూడటం ప్రమాదం. బాత్‌రూమ్‌లోకి వెళ్లి ఒంటరిగా కూర్చోవద్దు. మొహమాటంతో చాలామంది చేసే పొరపాటు ఇదే. పక్కవారికి చెప్పండి.

ట్యూనా, కానాగంతల్లాంటి చేపలు సరైన చల్లదనంలో లేకపోతే వాటిలో హిస్టమిన్ పెరిగిపోతుంది. అలాంటి చేప తింటే ముఖం ఎర్రబడటం, తలనొప్పి, దురద వస్తాయి. అచ్చం అలర్జీలాగే ఉంటుంది. హిస్టమిన్ వండినా పోదు. చేప ముక్క నాలుకకు మిరియంలా చురుక్కుమంటే ఉమ్మేసి పక్కన పెట్టేయాలి.

ఉప్పు లెక్క చూశారా?

జపాన్‌వాళ్లు ఎక్కువకాలం బతుకుతారు కాబట్టి వాళ్ల తిండంతా ఆరోగ్యకరమే అనుకుంటాం. అది సగమే నిజం. చేపలు, సోయా, కూరగాయలు, చిన్న చిన్న గిన్నెల్లో మితంగా తినడం వాళ్ల బలం. ఉప్పు వాళ్ల బలహీనత. మిసో, ఊరగాయలు, ఉప్పు చేపలు ఎక్కువగా తినే ఆ దేశంలో 1951 నుంచి 1980 వరకు మరణాలకు మొదటి కారణం పక్షవాతమే. చలి ఎక్కువగా ఉండే ఉత్తర ప్రాంతాలు మరీ దెబ్బతిన్నాయి. తర్వాత ఉప్పు తగ్గించమని ఊరూరా ప్రచారం చేశారు, రక్తపోటు పరీక్షలు పెంచారు. పక్షవాతం మరణాలు బాగా తగ్గాయి. అయినా 2019 నాటి జాతీయ సర్వేలో ఒక్కొక్కరు రోజుకు సగటున 10 గ్రాముల దాకా ఉప్పు తింటున్నట్టు తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది 5 గ్రాముల లోపే.

ఆవకాయ, ఎండుచేపలు, అప్పడాలు ఇష్టంగా తినే మనకు ఈ కథ కొత్తది కాదు.

ఒక టేబుల్ స్పూన్ సోయా సాస్‌లో 2 గ్రాములకు పైగా ఉప్పు ఉంటుంది. మిసో సూప్ ఒక గిన్నెలో గ్రామున్నర దాకా ఉంటుంది. రామెన్‌ను పులుసుతో సహా ఖాళీ చేస్తే 5 గ్రాములు దాటొచ్చు. అంటే రోజు కోటా ఒక్క గిన్నెలోనే అయిపోయినట్టు. రక్తపోటు, గుండె, కిడ్నీ జబ్బులున్నవారు రామెన్‌లో నూడుల్స్, కూరలు తిని పులుసు వదిలేయాలి. సోయా సాస్‌ను గిన్నె నిండా పోసుకోకుండా నాలుగు చుక్కలు వేసుకోవాలి. రంగు పల్చగా ఉన్న సోయా సాస్‌లో ఉప్పు తక్కువనుకోవద్దు. జపాన్‌లో లేత రంగు రకంలోనే ఉప్పు ఎక్కువ.

ఇక్కడ వాళ్ల పద్ధతి ఒకటి మనకు కలిసొస్తుంది. నిగిరిని సోయా సాస్‌లో ముంచేటప్పుడు అన్నం వైపు ముంచరు. బోర్లించి చేప వైపు అంచు మాత్రం తాకిస్తారు. అన్నం తాకితే స్పాంజిలా పీల్చేస్తుంది. మర్యాదా దక్కుతుంది, ఉప్పూ తగ్గుతుంది.

మధుమేహం ఉంటే..

‘ముక్కలు చిన్నవేగా’ అనుకుంటూ తింటాం. ఎనిమిది ముక్కల రోల్‌లో సుమారు ఒక కప్పు అన్నం దాకా ఉంటుంది. అందులో చక్కెర కూడా కలుపుతారు. రెండు రోల్స్, ఒక టెంపురా తింటే ఇంట్లో రాత్రి తినే అన్నం కంటే ఎక్కువే అవుతుంది. టెరియాకి సాస్ తీపి. మన దగ్గరి రెస్టారెంట్లలో రోల్ మీద పోసే మయొనైజ్ అంతా నూనె.

ముందుగా ఎడమామె, సలాడ్, కాల్చిన చేప లేదా టోఫు తినండి. ఆ తర్వాత ఒక రోల్‌ను పక్కవారితో పంచుకోండి. ఒకినావా దీవుల్లో పెద్దలు చెప్పే మాటొకటి ఉంది, ‘హారా హాచి బు’. పొట్ట పదింట ఎనిమిది పాళ్లు నిండగానే ఆపేయమని అర్థం. ‘ఇంకొక్క ముద్ద’ అని కొసరి వడ్డించే ఇళ్లలో పెరిగిన మనకు ఇది కాస్త కష్టమే. అయినా అలవాటు చేసుకోదగ్గది.

కప్పు ఖాళీ అయితే నింపేస్తారు

జపాన్ విందుల్లో ఎవరి కప్పు వారు నింపుకోరు. పక్కవారు నింపుతారు. కప్పు ఖాళీ అయితే ఇంకా కావాలన్నట్టే లెక్క. బియ్యంతో చేసే సాకేలో ఆల్కహాల్ 15 శాతం దాకా ఉంటుంది. బీరుకు దాదాపు మూడు రెట్లు. చిన్న కప్పులు కావడంతో ఎంత తాగారో లెక్క తెలియదు. తాగని వారు మొదటి రౌండ్‌లోనే ‘నేను తాగనండి, నాకు టీ చెప్పండి’ అనేయాలి. జపాన్‌లో తాగనివారు ఊలాంగ్ టీ తీసుకోవడం మామూలే, ఎవరూ వింతగా చూడరు. తాగేవారు ఇక చాలనుకుంటే కప్పును నిండుగానే ఉంచేయాలి.

ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటివి వాడుతున్నవారు ఖాళీ కడుపుతో మద్యం తాగితే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. మాట తడబడటం, చెమటలు, తూలడం చూసి మత్తు అనుకుని పక్కవారు వదిలేస్తారు. అదే ప్రాణం మీదికొస్తుంది. మీకు మధుమేహం ఉన్న సంగతి బల్ల దగ్గర ఒక్కరికైనా తెలిసి ఉండాలి. ఇక తాగినవారు బండి తాళాలు చేతిలోకి తీసుకోకూడదు. రాత్రివేళ హైవే మీద లారీల మధ్య బైకు నడిపి ఇంటికి చేరాలనుకోవడం కంటే స్నేహితుడి గదిలో పడుకోవడం నయం.

ఈ మందులు వాడుతున్నారా?

రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వేసుకుంటున్నవారు ‘నాట్టో’ అనే పులియబెట్టిన సోయా తినకూడదు. అందులోని విటమిన్ కె మందు పనితీరును దెబ్బతీస్తుంది. థైరాయిడ్ సమస్య ఉన్నవారు కొంబు నాచును ఎక్కువగా తినొద్దు, అందులో అయోడిన్ చాలా ఎక్కువ. రక్తహీనతకు ఐరన్ మాత్రలు వాడేవారు వాటిని గ్రీన్ టీతో కలిపి వేసుకోకూడదు. టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు.

చేత్తో తింటే తప్పా?

చాలామందిని ఆరోగ్యం కంటే ఎక్కువగా భయపెట్టేవి ఆ రెండు పుల్లలు. సుషీని చేత్తో తినడం జపాన్‌లోనూ మర్యాదే. భోజనానికి ముందు ఇచ్చే తడి తువ్వాలు చేతులు తుడుచుకోవడానికే. దాంతో పాటు సబ్బుతో కడుక్కుంటే ఇంకా మంచిది. సూప్ గిన్నెను ఎత్తి తాగొచ్చు. నూడుల్స్‌ను చప్పుడు చేస్తూ జుర్రుకున్నా ఎవరూ ఏమీ అనుకోరు. పుల్లలను మాత్రం అన్నంలో నిలువుగా గుచ్చకూడదు, చనిపోయినవారికి పెట్టే అన్నంలో అలా గుచ్చుతారు. ఒకరి పుల్లల నుంచి ఇంకొకరి పుల్లలకు ముక్క అందించడమూ అశుభమే. పిండాల విషయంలో మనకున్న పట్టింపు లాంటిదే ఇదీ.

మర్నాడు

కొత్త తిండి తిన్న మర్నాడు కడుపు కాస్త బరువుగా ఉంటే కంగారు పడక్కర్లేదు. మజ్జిగన్నం తిని, నీళ్లు బాగా తాగి, విశ్రాంతి తీసుకుంటే చాలు. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, జ్వరంతో విరేచనాలు, మలంలో రక్తం కనిపిస్తే మాత్రం వెంటనే డాక్టర్‌ను కలవాలి. ‘నిన్న రాత్రి పచ్చి చేప తిన్నాను’ అని తప్పకుండా చెప్పాలి. ఆ ఒక్క మాటతో డాక్టర్ ఆలోచన సరైన దారిలో పడుతుంది. లేకపోతే గ్యాస్ నొప్పి అనుకుని మాత్రలతో రోజులు గడిచిపోతాయి.

చేప కోసం జపాన్ విందు దాకా ఆగనక్కర్లేదన్నదీ గుర్తుంచుకోండి. గుండెకు మేలు చేసే ఒమేగా-3 కొవ్వులు మన తీరంలో దొరికే కవళ్లు, కానాగంతల్లోనూ దండిగా ఉంటాయి. వారానికి రెండుసార్లు తక్కువ నూనెతో వండుకుంటే చాలు.

ఇక వచ్చే శుక్రవారం సంగతి. విందుకు వెళ్లండి, కొత్త రుచులు చూడండి, నలుగురితో కలిసి నవ్వండి. ఒక్క పని మాత్రం ఈరోజే చేయండి. మీకు ఏది పడదో, ఏ మందులు వాడుతున్నారో పక్క సీటులో కూర్చునే ఒకరికి చెప్పి ఉంచండి. వారికేం పడదో మీరూ అడగండి.